సంగటి, ఉగ్గాని వదలకుండా బరువు తగ్గడం: సీమ ఇంటి వంటకు సమగ్ర మార్గదర్శి

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో బరువు తగ్గాలనుకున్న మనిషికి ఇంటా బయటా అందే సలహా దాదాపు ఒకటే: సంగటి మానేయి, కారం మానేయి, పొద్దున ఓట్స్ తిను, రాత్రి రెండు చపాతీలతో సరిపెట్టుకో. ఆ సలహా పాటించినవారు రెండు వారాలు ఓపిక పట్టి, మూడో ఆదివారం నాటుకోడి పులుసు వాసనకు లొంగిపోయి, ఆపైన ఆ పథకం ఊసే ఎత్తకపోవడం ప్రతి వీధిలోనూ చూస్తున్నదే. సీమ వంటకు రుచినిచ్చేవి మిరపకాయ, చింతపండు, తెల్లగడ్డ (వెల్లుల్లి), వేయించిన ధనియాలు, కాల్చిన ఎర్రగడ్డ (ఉల్లిపాయ). మనం వాడే మోతాదులో వీటివల్ల చేరే క్యాలరీలు చాలా స్వల్పం. బరువు పెంచేవి మూడు: కొలవకుండా పోసే నూనె, పచ్చళ్ళలోనూ మసాలాల్లోనూ గుప్పెళ్ళతో పడే బుడ్డలూ (వేరుశనగలూ) కొబ్బరీ, కంటి అంచనాతో పెట్టుకునే ముద్ద. ఈ మూడింటికీ కొలత పెట్టి, తక్కినదంతా ఉన్నదున్నట్టుగా ఎలా వండుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ఒక ముందు జాగ్రత్త చెప్పాలి. చక్కెర వ్యాధికి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారు తిండి తగ్గిస్తే మందు మోతాదు కూడా మార్చవలసి రావచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు తమ వైద్యుణ్ణి అడగకుండా ఇందులోని ఏ మార్పూ మొదలుపెట్టకూడదు.

మొదటి వారం: వంట మార్చకండి, కొలవండి

మొదట కొనవలసినవి రెండే. ఒకటి, ఒక గ్రాము వరకు చూపించే చిన్న వంటింటి తూకం. రెండోది, 5 మిల్లీలీటర్లు, 15 మిల్లీలీటర్లు అని గుర్తులున్న కొలత చెంచాలు. ఇంట్లో ఉన్న చెంచాలను నమ్ముకోవద్దు. ఒకే డబ్బాలో ఉన్న రెండు చెంచాలు ఒకే కొలత పట్టడం అరుదు.

మొదటి వారం వంట ఎప్పటిలాగే సాగనివ్వండి. ఆదివారం ఉదయం నూనె సీసాకు ఎంత మట్టం వరకు నూనె ఉందో గుర్తు పెట్టి, మళ్ళీ ఆదివారం దాకా ఎంత ఖర్చయిందో చూడండి. ఆ మొత్తాన్ని ఇంట్లో తినేవారి సంఖ్యతో, ఆపైన ఏడుతో భాగిస్తే ఒక్కొక్కరికి రోజుకు ఎంత పడుతున్నదో తేలుతుంది. నలుగురున్న ఇంట్లో వారానికి లీటరున్నర నూనె అయితే ఒక్కొక్కరికి రోజుకు దాదాపు 54 మిల్లీలీటర్లు పడినట్టు. నూనె గ్రాముకు 9 క్యాలరీలు కాబట్టి, ఆ లెక్కన ఒక మనిషికి నూనె ద్వారానే రోజుకు దాదాపు 440 క్యాలరీలు అందుతున్నాయి. బరువు తగ్గే రోజుల్లో ఒక్కొక్కరికి 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీస్పూన్లు, హద్దుగా పెట్టుకుంటే అదే ఇంటికి వారానికి 560 మిల్లీలీటర్లు చాలు. ఆ నూనెను వారం మొదట్లోనే వేరే సీసాలో పోసి పెట్టుకోండి. సీసా గురువారానికే ఖాళీ అయితే, ఎక్కడ ఒలికిపోతున్నదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

గానుగ నూనె కాబట్టి కాస్త ఎక్కువైనా ఫరవాలేదనే మాట ఈ మధ్య బాగా వినిపిస్తున్నది. గానుగ నూనె రుచి, వాసన మెరుగే, ఒప్పుకోవలసిందే. క్యాలరీల లెక్కలో మాత్రం గానుగ బుడ్డల నూనెకూ, పొద్దుతిరుగుడు నూనెకూ, ఖరీదైన ఆలివ్ నూనెకూ తేడా లేదు. నెయ్యి కూడా వాటి పక్కనే నిలుస్తుంది. వాసన గాఢంగా ఉంటుంది గనుక గానుగ నూనె తక్కువ పోసినా వంటకు సరిపోతుందన్నదే దానితో వచ్చే అసలు లాభం.

చిరుధాన్యాల విషయంలోనూ ఇలాంటి అపోహే ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 356, జొన్నల్లో 334, రాగుల్లో 321 క్యాలరీలు ఉంటాయి. కొర్రలూ ఇంచుమించు అంతే. బియ్యం మానేసి అంతే తూకం కొర్రన్నం తిన్నందువల్ల సూది కదలదు. అయితే అదే 100 గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాముల పైన ఉంటే తెల్ల బియ్యంలో 3 గ్రాములైనా ఉండదు. పీచు ఎక్కువైతే కడుపు నిండినట్టు తొందరగా అనిపిస్తుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. కాబట్టి రాగులు, జొన్నలు మనకు సాయపడేది తక్కువ తిన్నా నిలదొక్కుకోగలిగేలా చేయడంలో. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద పండే కర్నూలు సోనా అన్నానికి అలవాటుపడినవారు రాత్రి పూట ఒక్కదానికైనా సంగటి గానీ రొట్టె గానీ పెట్టుకోమని చెప్పడం అందుకే.

ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలి. రోజుకు 500 తగ్గిస్తే మొదట్లో వారానికి అరకిలో దాకా తగ్గుతారు; పోనుపోను ఆ వేగం మందగిస్తుంది. అంతకన్నా తొందరపడి పస్తులుండడం నేను ఎవరికీ సూచించను. ఇక వంటకు వద్దాం.

సంగటి: ముద్దను తూకం వేయడం

ఇద్దరికి 50 గ్రాముల బియ్యం, 100 గ్రాముల రాగిపిండి, 600 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకోండి. మరలో కొంచెం బరకగా పట్టించిన పిండి అయితే ముద్ద జిగురుగా సాగకుండా కుదురుతుంది. బియ్యం అరగంట నానబెట్టి, మొత్తం నీళ్ళలో మెత్తగా ఉడికించండి. మెతుకు వేళ్ళ మధ్య నలిగిపోతూ, పైన ఇంకా నీళ్ళు కదులుతూ ఉన్నప్పుడు ఉప్పు వేసి, రాగిపిండిని నడిమధ్య కుప్పగా పోయండి. అప్పుడే కలపకూడదు. కట్టె కొనతో కుప్ప మధ్య గిన్నె అడుగు దాకా ఒక బొక్క చేస్తే, ఉడుకు నీళ్ళు ఆ బొక్కలోంచి పైకి ఉబికి పిండిని తడుపుతాయి. మూతపెట్టి సన్నని మంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉంచి, దించి, గిన్నెను గట్టిగా అదిమిపట్టి సంగటి కట్టెతో పొడి ఉండలు లేకుండా గెలకాలి. తడిచేత్తో తాకితే పిండి అంటుకోకపోతే ఉడికినట్టు. అంటుకుంటే నాలుగు చెంచాల వేడినీళ్ళు చిలకరించి మళ్ళీ మూతపెట్టండి.

ముద్ద చేసే గిన్నెకు నెయ్యి రాసే బదులు నీళ్ళు రాసుకుంటే చాలు. మొత్తం సంగటిని మూడు ముద్దలుగా చేసి, మొదటి కొన్నాళ్ళు ఒక్కొక్కటి తూకం వేయండి. ఒక్కొక్క ముద్దలో సుమారు 165 క్యాలరీలు ఉంటాయి. కూర్చుని పని చేసేవారికి ఒకటి, బాగా ఆకలి వేసేవారికి ఒకటిన్నర సరిపోతుంది. సంగటిని నమలకుండా మింగడం మన అలవాటు కాబట్టి కడుపు నిండిన సంగతి మెదడుకు చేరేలోగా రెండో ముద్ద కూడా లోపలికి వెళ్ళిపోతుంది. ముద్దను పళ్ళెంలో పెట్టుకోగానే చిన్న చిన్న తునకలు చేసి, ఒక్కొక్కటే పులుసులో అద్దుకుని తింటే భోజనం కనీసం పావుగంట సాగుతుంది.

మిగిలిన సంగటిని రాత్రి నీళ్ళలో వేసి, పొద్దున పలుచని మజ్జిగ, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయతో తాగడం ఎండాకాలానికి మంచి ఉదయాహారం. మజ్జిగకు పెరుగును పాల మీగడ తీసి తోడు పెట్టండి.

నాటుకోడి పులుసు: నూనె తేలకుండా

ఎక్కువ నూనె లాగే సీమ వంటల్లో ఇది ముందుంటుంది. అరకిలో కోడికి ఆరు టేబుల్ స్పూన్ల నూనె పోసే ఇళ్ళు చాలానే ఉన్నాయి. అంటే 90 మిల్లీలీటర్లు. నలుగురు పంచుకున్నా ఒక్కొక్కరికి నూనె ద్వారానే 185 క్యాలరీలు. దీన్ని 20 మిల్లీలీటర్లతో వండవచ్చు. అయితే నూనె చేసే పనిని వేరేవాటికి అప్పగించాలి. ఎర్రగడ్డను ఎర్రగా మాడ్చి తీపినివ్వడం, మసాలా అడుగంటకుండా చూడడం, పులుసుకు చిక్కదనం తేవడం అనే మూడు పనులకూ మూడు ఉపాయాలున్నాయి.

కోడిని పసుపు రాసి, మంట మీద కాల్చి, తోలుతోనే కొట్టించుకోవడం మనకు అలవాటు. కొవ్వు ఎక్కువగా ఉండేది ఆ తోలులోనూ, దాని కిందా. కాల్పించిన తరువాత తోలు తీసివేయమని, పొట్టలోపలి పసుపు రంగు కొవ్వు కూడా తీసివేయమని కొట్టేవారితో చెప్పండి. కాల్చిన వాసన కోసం రెండు మూడు తోలు ముక్కలను విడిగా ఉంచుకుని, ఉడికేటప్పుడు వేసి, వడ్డించే ముందు తీసేస్తే సరి. అరకిలో ముక్కలకు ఉప్పు, పసుపు, రెండు గ్లాసుల నీళ్ళు కలిపి కుక్కర్లో ఐదారు కూతలు రానివ్వండి. ముదురు కోడి అయితే ఇంకొన్ని పట్టవచ్చు. ఫారం కోడికి కుక్కర్ అక్కర్లేదు.

ఈలోగా మసాలా సిద్ధం చేసుకోవాలి. రెండు నడితరం ఎర్రగడ్డలను పొట్టుతోనే నేరుగా మంట మీద పెట్టి, పైపొర నల్లబడి లోపల మెత్తబడేదాకా తిప్పుతూ కాల్చండి. ఆరిన తరువాత నల్లపొర వలిచేయాలి. రెండు టేబుల్ స్పూన్ల ధనియాలు, పది మిరియాలు, మూడు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క, ఒక టీస్పూన్ గసగసాలు, 10 గ్రాముల ఎండుకొబ్బరి నూనె లేకుండా వేయించి, కాల్చిన ఎర్రగడ్డలతో కలిపి మెత్తగా రుబ్బండి. కొబ్బరి, గసగసాలు తగ్గించినా పులుసు పలుచబడకుండా కాపాడేది ఈ కాల్చిన ఎర్రగడ్డే.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో 20 మిల్లీలీటర్ల నూనె కాచి, సన్నగా తరిగిన మరో ఎర్రగడ్డ, కరివేపాకు, చిటికెడు ఉప్పు వేయండి. కాసేపటికి ఎర్రగడ్డ గిన్నెకు పట్టుకుంటుంది. అక్కడ చేయి సీసా వైపు వెళ్తుంది, అక్కడే ఆగాలి. రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, అట్లకాడతో అడుగు గీకి, మూతపెట్టండి. నీళ్ళు ఇగిరి మళ్ళీ పట్టుకున్నప్పుడు మళ్ళీ చిలకరించండి. ఇలా మూడు నాలుగుసార్లు, మొత్తం పది పన్నెండు నిమిషాలు చేస్తే ఎర్రగడ్డ తనలోని తీపితోనే ముదురు రంగు తిరుగుతుంది. ఆ తరువాత అల్లం తెల్లగడ్డ ముద్ద, రెండు టీస్పూన్ల మిరపపొడి వేసి, పొడి మాడకుండా కాసిన్ని నీళ్ళు చల్లి, రుబ్బిన మసాలా, ఒక టమాట, ఉడికిన కోడిముక్కలను నీళ్ళతో సహా పోసి, సన్నని మంట మీద పావుగంట కాగనివ్వాలి. చింతపండు రసం ఒక చెంచా చాలు.

మామూలుగా పులుసు మీద నూనె తేలితే అయిపోయినట్టు గుర్తు. ఈ పద్ధతిలో ఆ గుర్తు కనిపించదు కాబట్టి పచ్చి మసాలా వాసన పోయిందా లేదా అని చూసుకుని దించండి. పది నిమిషాలు కదపకుండా ఉంచి, గిన్నెను ఒక పక్కకు కొద్దిగా వంచితే కోడి కొవ్వు ఆ మూలకు చేరుతుంది. దాన్ని గరిటెతో తీసేయండి. ముందు రోజు రాత్రి వండి ఫ్రిజ్‌లో పెట్టుకునేవారికి ఆ కొవ్వు పైన గడ్డకట్టి ఇంకా సులువుగా వస్తుంది. పైగా పులుసు మరుసటి రోజే బాగుంటుంది. ఇలా వండిన పులుసు ఒకరి వంతు సుమారు 200 క్యాలరీలు; ఒకటిన్నర సంగటి ముద్దతో కలిపితే 450. ఆదివారం మధ్యాహ్న భోజనానికి ఇది ఏ విధంగానూ తక్కువ కాదు.

పొట్టేలు మాంసానికి కూడా ఇదే పద్ధతి. కాకపోతే కొవ్వు పొర కత్తిరించినా కండలో కలిసిన కొవ్వు పోదు కాబట్టి, కోడి కన్నా తక్కువసార్లు, తక్కువ ముక్కలతో సరిపెట్టుకోవాలి.

ఉగ్గాని, బజ్జి

కర్నూలు, అనంతపురం హోటళ్ళలో పొద్దున ఉగ్గాని తిన్నవారెవరూ బజ్జి వద్దనరు. ఉగ్గాని నిజానికి తేలికైన వంటకమే. దాన్ని బరువెక్కించేది తిరగవాత గరిటె, ఆ పక్కన ఉన్న బజ్జీలు.

ఇద్దరికి లావు బొరుగులు (మరమరాలు) 80 గ్రాములు చాలు. చూడడానికి పెద్ద గిన్నెడు కనిపిస్తాయి. వాటిని నీళ్ళలో ముంచి, మెత్తబడగానే పిడికిలితో గట్టిగా పిండి పక్కన పెట్టండి. నానుతూ వదిలేస్తే ముద్దయిపోతాయి. బాణలిలో రెండు టీస్పూన్ల నూనె కాచి ఆవాలు, జీలకర్ర, కరివేపాకు చిటపటలాడించి, రెండు పెద్ద ఎర్రగడ్డలు సన్నగా తరిగి వేసి, పైన చెప్పిన నీళ్ళ ఉపాయంతోనే మగ్గించండి. పచ్చిమిరపకాయలు, ఉప్పు కలిపి దంచిన ముద్ద, పసుపు, ఒక టమాట వేసి, టమాట పూర్తిగా కరిగిన తరువాతనే బొరుగులు వేయాలి. తడి మసాలా బొరుగులకు పట్టుకుంటుంది, ఎక్కువ నూనె అవసరం పడదు. పొయ్యి ఆపేశాక రెండు టేబుల్ స్పూన్ల పప్పుల (పుట్నాల) పొడి, నిమ్మరసం, కొత్తిమీర కలపండి. పప్పుల పొడిని పొయ్యి మీద ఉండగా వేస్తే తడిని పీల్చి ఉగ్గాని ఎండిపోతుంది, అప్పుడు మళ్ళీ నూనె పోయాలనిపిస్తుంది. ఒక్కొక్కరి వంతు సుమారు 270 క్యాలరీలు. కూరగాయలు పెంచాలనుకునేవారు క్యాబేజీని ఎర్రగడ్డంత సన్నగా తరిగి, దానితోపాటే మగ్గిస్తే తెలియకుండా కలిసిపోతుంది. క్యారెట్ తురుము వేసిన ఉగ్గాని మాత్రం తీపి తిరిగి తన గుణం పోగొట్టుకుంటుందని నా అభిప్రాయం.

బజ్జి ఎంత నూనె తాగుతుందో తెలుసుకోవాలంటే ఒకసారి బాణలిలో నూనెను కొలిచి పోసి, బజ్జీలు తీసి చల్లారాక మిగిలినదాన్ని మళ్ళీ కొలవండి. తేడా చూశాక ఈ కింది పద్ధతి ప్రయత్నించాలని మీకే అనిపిస్తుంది. ప్రతి ఇంట్లోనూ ఉండే గుంతపొంగనాల పెనం దీనికి బాగా పనికి వస్తుంది. బజ్జి మిరపకాయలను గింజలు తీసి, గుంతలో పట్టేంత ముక్కలుగా కోసి, చింతపండు గుజ్జు, వాము, ఉప్పు లోపల రాయండి. 60 గ్రాముల శనగపిండి, ఒక టేబుల్ స్పూన్ బియ్యపు పిండి, కారం, ఉప్పు, చిటికెడు వంటసోడాను దోసెపిండి కన్నా కొంచెం గట్టిగా కలపండి. పెనం బాగా కాగాక ఒక్కొక్క గుంతలో మూడు నాలుగు చుక్కల నూనె వేసి, పిండిలో ముంచిన ముక్కను పెట్టి, మూతపెట్టి మూడు నిమిషాలు, తిప్పి మూత లేకుండా మరో రెండు నిమిషాలు కాల్చాలి. పన్నెండు దాకా వస్తాయి; రెండు టీస్పూన్ల నూనె మించదు. ఆరు ముక్కలకు సుమారు 170 క్యాలరీలు. నూనెలో వేగిన బజ్జి కరకర దీనికి రాదని ముందే చెప్పడం న్యాయం. ఉగ్గానితో నంజుకోవడానికి కారం, పులుపు, వాము వాసన మాత్రం ఎక్కడా తగ్గవు.

పులగం, ఊరిబిండి

బియ్యం, పొట్టు పెసరపప్పు కలిపి వండే పులగం వానాకాలపు రాత్రికి ఎంతో హాయిగా ఉంటుంది. బియ్యం, పప్పు సగం సగం తీసుకుని, పొట్టు తీయకుండా, నీళ్ళు ఎక్కువ పోసి మెత్తగా వండితే మాంసకృత్తులూ పీచూ పెరుగుతాయి. ఒకరికి రెండూ కలిపి 70 గ్రాములు చాలు. ఇక్కడ చూసుకోవలసింది పక్కన పెట్టే బుడ్డల పచ్చడిని, అంటే ఊరిబిండిని. బుడ్డలు పండే నేల మనది. అనంతపురంలో వర్షాధారపు చేలల్లో వాటిదే పెద్ద పంట కాబట్టి ఇంట్లో వాటికి కొలత ఉండదు. 100 గ్రాముల వేయించిన బుడ్డల్లో 570 క్యాలరీల దాకా ఉంటాయి.

నలుగురికి 40 గ్రాముల బుడ్డలతో ఊరిబిండి చేయవచ్చు. బుడ్డలను సన్నని సెగ మీద, మామూలు కన్నా ఒక నిమిషం ఎక్కువసేపు, పొట్టు మీద నల్లమచ్చలు పడేదాకా వేయించండి. ముదురుగా వేగితే వాసన గాఢంగా ఉండి, తక్కువ వేసినా తెలుస్తుంది. అదే పెనం మీద నూనె లేకుండా ఒక లేత బీరకాయ ముక్కలు, రెండు టమాటలు, ఒక ఎర్రగడ్డ, వట్టిమిరపకాయలు మూతపెట్టి మగ్గించుకోండి. రోటిలో ముందు మిరపకాయలు, ఉప్పు, తెల్లగడ్డ నూరి, ఆపైన కూరగాయ ముక్కలు దంచి, బుడ్డలను చిట్టచివర వేసి నాలుగు పోట్లు మాత్రం పొడవండి. మిక్సీలో మెత్తగా తిప్పితే 40 గ్రాములూ కనిపించకుండా పోతాయి. రోటిలో పలుకులుగా మిగిలితే పంటికి ప్రతి ముద్దలోనూ తగులుతాయి. మిక్సీ తప్పనిసరి అయితే బుడ్డలను విడిగా ఒక్కసారి తిప్పి చేత్తో కలపండి. తిరగవాత అవసరం లేదు.

గుత్తివంకాయ, జొన్నరొట్టె

వంకాయ కండలో గాలి అరలు ఎక్కువ. పచ్చిగా నూనెలో వేస్తే స్పాంజిలా పీల్చుకుంటుంది; ముందే ఉడికించి ఆ అరలు కుంగిపోయేలా చేస్తే పీల్చడానికి చోటు మిగలదు. కాబట్టి గుత్తులుగా కోసిన పావుకిలో లేత వంకాయలకు ఉప్పు, పసుపు రాసి, ఇడ్లీ పాత్రలో ఆరేడు నిమిషాలు ఆవిరి మీద సగం ఉడికించండి. కూరడానికి 25 గ్రాముల వేయించిన బుడ్డలు, రెండు టీస్పూన్ల నువ్వులు, ఒక టేబుల్ స్పూన్ పప్పులు, ధనియాలు, వట్టిమిరపకాయలు, తెల్లగడ్డ, కాల్చిన ఎర్రగడ్డ, చింతపండు కలిపి రుబ్బండి. ఆరిన వంకాయల్లో దీన్ని కూరి, వెడల్పు బాణలిలో మూడు టీస్పూన్ల నూనెతో తిరగవాత పెట్టి, వంకాయలను ఒకే వరసలో పరిచి, మిగిలిన మసాలాను నీళ్ళలో కలిపి పోసి, మూతపెట్టి పది నిమిషాలు మగ్గించాలి. ఇది ముగ్గురికి సరిపోతుంది.

జొన్నరొట్టెకు నూనె చుక్క కూడా అక్కర్లేదు గనుక దీనికి అంతకన్నా మంచి జత లేదు. 45 గ్రాముల పిండితో తట్టిన రొట్టెలో 150 క్యాలరీలు ఉంటాయి. పిండిని మరిగే నీళ్ళతో తడిపి, వేడి తగ్గకముందే బాగా మర్దించి తడితే అంచులు చీలవు. పెనం మీద వేసిన వెంటనే పైభాగాన తడిబట్టతో నీళ్ళు అద్దితే పొంగుతుంది. నూనె రాసి కాల్చే చపాతీ వైపు, బరువు తగ్గే పేరుతో, మన జొన్నరొట్టెను వదిలి ఎందుకు వెళ్తారో నాకు అంతుపట్టదు.

రోజువారీ పప్పు, కారం దోసె

ఒకరికి 30 గ్రాముల కందిపప్పు, దానికి ఐదింతలు ఆకుకూర. పాలకూర, గోంగూర, ఎండాకాలం మొదట్లో చింతచిగురు, ఏదైనా సరే. పప్పుగుత్తితో బాగా ఎనిపితే పప్పు తక్కువైనా చిక్కగానే ఉంటుంది. నలుగురి పప్పుకు రెండు టీస్పూన్ల నూనెతో తిరగవాత చాలు. ఆవాలు, జీలకర్ర, దంచిన తెల్లగడ్డ, వట్టిమిరపకాయలు ఎర్రబడ్డాక వెంటనే పప్పులో ఒంపి మూతపెట్టాలి. నెయ్యిని గిన్నెలో కలపకండి. తినే ముందు వేడి అన్నం మీద అర టీస్పూన్ వేసుకుంటే వాసనంతా ముక్కుకు అందుతుంది.

కారం దోసెకు ఎర్రకారాన్ని నూనెలో వేయించకుండా, నానబెట్టిన వట్టిమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు పచ్చిగానే రుబ్బుకోవాలి. కాగిన ఇనుప పెనాన్ని సగం కోసిన ఎర్రగడ్డతో రుద్ది, అర టీస్పూన్ నూనె అంచుల చుట్టూ వేసి, కారం పూసి, టీస్పూన్ పప్పుల పొడి చల్లి, ఒకవైపే కాల్చండి. కడప హోటల్లో పైన పడే వెన్నముద్ద ఇంట్లో ఉండదు. లోపలి ఉర్లగడ్డ (బంగాళాదుంప) కూర కూడా అవసరం లేదు. రెండు దోసెలు, ఒక ఉడికించిన గుడ్డు కలిపి పొద్దుటికి సరిపోతాయి.

పండగ నాటి భక్ష్యాలు

భక్ష్యాలకు, అంటే బొబ్బట్లకు, తక్కువ క్యాలరీల రూపం వెదకవద్దు. బెల్లం కాబట్టి ఫరవాలేదనే మాట నిజం కాదు, బెల్లానికీ చక్కెరకూ క్యాలరీల తేడా స్వల్పం. ఉగాదికి భక్ష్యాలు అసలు పద్ధతిలోనే చేసి, చిన్నవిగా తట్టి, మధ్యాహ్నం అన్నానికి బదులుగా రెండు తిని, మిగిలినవాటిని అదే రోజు పంచిపెట్టడం మేలు. డబ్బాలో మిగిలితే వారమంతా టీతోపాటు ఒక్కొక్కటే తగ్గుతుంది.

ఇంట్లో అందరూ, తూకం ఆగిపోయినప్పుడు

బరువు తగ్గేవారి కోసం రెండో వంట చేయడం ఏ ఇంట్లోనూ ఎక్కువకాలం సాగదు. వంట ఒకటే ఉండాలి, చేర్పులు పళ్ళెంలో జరగాలి. ఎదిగే పిల్లలకు, చేను పని చేసేవారికి వడ్డనలో ఒక చెంచా నెయ్యి, మరో ముద్ద, గుప్పెడు బుడ్డలు కలిపితే సరిపోతుంది.

బరువును రోజూ ఒకే సమయాన, పొద్దున ముఖం కడుక్కున్నాక చూసుకుని వారం సగటును రాసుకోండి. ఊరగాయ, ఉప్పుచేప, పులుసు ఎక్కువగా తిన్న మర్నాడు కిలో వరకు పెరిగినట్టు కనిపించవచ్చు. ఉప్పు పట్టి ఉంచిన నీరే అది, రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన కాబట్టి, నూనె తగ్గినప్పుడు రుచి కోసం ఉప్పు పెంచే అలవాటును మొదటే ఆపాలి. చింతపండు, నిమ్మకాయ, దంచిన తెల్లగడ్డ ఆ లోటు తీరుస్తాయి. బరువుతోపాటు నెలకొకసారి నడుము కొలత కూడా తీయండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకపోవడం మంచిది.

మూడు వారాల సగటు కదలకపోతే ముందుగా నూనె సీసా గుర్తును మళ్ళీ చూడండి. చాలా ఇళ్ళలో రెండో నెలకల్లా కొలత చెంచా సొరుగులోకి వెళ్ళి, పాత గరిటె బయటికి వచ్చి ఉంటుంది. నూనె సరిగానే ఉంటే ముద్దను తిరిగి తూకం వేయండి. అదీ సరిగా ఉంటే లెక్కలోకి రాని తిండిని, అంటే టీలో చక్కెరను, వంట చేస్తూ రుచి చూసేవాటిని, సాయంత్రం కొరికే బుడ్డలను మూడు రోజులు కాగితం మీద రాయండి. అప్పటికీ కారణం దొరకకపోతే రాత్రి ముద్దను పావు వంతు తగ్గించి, ఆకుకూర అంతకు రెట్టింపు చేసి, ఇంకో మూడు వారాలు చూడండి.